తాతయ్య మాట, మన పిల్లల నోట

పాతపాళ్యం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో తరతరాలుగా కాపురమున్న మన కుటుంబాలకు కైవారం పొరుగూరు కాదు, పుట్టినిల్లు వంటిది. “తాతయ్య” అంటే, సొంత తాత తరువాత, మనకు కైవారం నారాయణప్పగారే.

ఆయన 1726లో జన్మించి, 110 సంవత్సరాలు జీవించారని పెద్దలు చెప్పుకుంటారు. కులవృత్తి గాజుల వ్యాపారం. మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగినవారు. గురువు ఆజ్ఞపై నోట గులకరాయి ఉంచుకొని కొండగుహలో తపస్సు చేయగా, ఆ రాయి కలకండ అయినదట. పిమ్మట ఆ నోట తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు, కీర్తనలు, కాలజ్ఞానం వెలువడినవి. నేటికీ మఠంలో వచ్చినవారికి అన్నం పెడతారు. గురుపూర్ణిమకు మూడు రోజులు సంగీతం సాగుతుంది.

అన్నమూ పాటా ఉంటే చాలునా? సముద్రాల కవతలి కథ ఒకటి వినండి.

ఇంగ్లండులో ఒక కమ్మరి కూతురు ఆన్ లీ, 1774లో కొద్దిమంది శిష్యులతో అమెరికా చేరింది. ప్రార్థనలో ఒళ్ళు మరచి ఊగుతారు గనుక లోకులు వారిని షేకర్లన్నారు. ఆస్తి అందరిదీ. తెల్లవారుజామున గంట మ్రోగగానే లేవడం, స్త్రీ పురుషులకు వేరువేరు ద్వారాలు, మౌనంగా భోజనం, తరువాత పని. కుర్చీలు, చీపుళ్ళు, పొట్లాలు కట్టిన విత్తనాలు అమ్మేవారు. సరుకులో మోసం ఉండదని పేరు. పనే వారికి పూజ. 19వ శతాబ్దం మధ్యకు వేలమంది అయినారు. కాని బ్రహ్మచర్యం వారి నియమం. అనాథలను చేరదీసి పెంచినా, పెద్దయ్యాక చాలామంది వెళ్ళిపోయారు. నేడు మెయిన్ రాష్ట్రంలో, 1783లో వెలసిన సబ్బత్‌డే లేక్ అనే ఒక్కచోట వ్రేళ్ళమీద లెక్కించదగినవారు మిగిలినారు. కుర్చీలు మ్యూజియంలకు చేరినవి.

మనకు పిల్లల కొరత లేదు. కొరత మరొకటి. మన బిడ్డలు బడిలో కన్నడం చదువుతారు. చదవవలసినదే, మనకు అన్నం పెట్టిన నేల భాష గదా! తాతయ్య తెలుగు పదాలను కన్నడ లిపిలోనూ అచ్చువేశారు. లిపి ఏదైతేనేమి? కాని భజనలో గొంతు కలిపిన పిల్లను “ఈ మాటకు అర్థమేమే తల్లీ?” అని అడిగితే అవ్వ ముఖం చూస్తుంది.

అందుకే మా ఇంట్లో శనివారం దీపాలు పెట్టాక ఒక కీర్తన పాడించి, మాటమాటకూ అర్థం అవ్వచేత చెప్పిస్తున్నాము. అడిగితే చెప్పగల అవ్వలు ప్రతి ఇంటా ఉన్నప్పుడే మీరూ ఈ పని మొదలుపెట్టండి.