సముద్రం లేని రేవు

“మాస్టారూ, మీ పెద్దలు సమర్కందు నుండి వచ్చినవారేనా?”

కళాపూర్ణోదయం పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. అందులో ఎగతాళి లేదు. ముసల్మాను తెలుగు చెబుతున్నాడన్న వింత మాత్రమే ఉన్నది. అతడు చరిత్ర పుస్తకంలో చదివినదీ అబద్ధం కాదు. మొదటి నిజాముకు తాతగారైన ఖ్వాజా ఆబిద్ సమర్కందు సీమవాడు. 1687లో గోల్కొండ ముట్టడిలో గాయపడి మరణించాడు. కాని మా తాతగారు విశాఖ రేవులో కళాసీ. ఆయన ఎరిగిన దూరదేశం భీమునిపట్నం. ఆ మాటే చెప్పి పాఠం సాగించాము గాని, ప్రశ్న మమ్మల్ని విడువలేదు.

2019 వేసవి సెలవులలో ఉర్దూ శాఖలోని మిత్రులొకరిని తోడు చేసుకొని తాష్కెంటులో విమానం దిగాము. అక్కడి నుండి పడమటి దిక్కుగా రైలులోనూ, కారులోనూ ప్రయాణం.

సమర్కందులో రిజిస్తాను మదరసాల నీలి పలకల శోభను యాత్రికులందరూ వర్ణించారు కనుక మేము విడుస్తున్నాము. మా మనసున నాటినది ఊరి వెలుపల కోనిగిల్ గ్రామంలోని కాగితపు మర. ఏటి నీటికి తిరిగే చక్రం, దాని ఊపుతో లేచి పడే రోకళ్ళు, దంచిన మల్బరీ బెరడు గుజ్జు. చైనా నుండి ఈ విద్య 8వ శతాబ్దిలో ఇక్కడికి చేరింది. అక్కడివారు ‘కొగోజ్’ అన్నారు. పారశీకపు ‘కాగజ్’ మన నోట ‘కాగితం’ అయినది. ఆ పిల్లవాడు పక్కన ఉంటే, “నాయనా, నీ పరీక్ష కాగితం కూడా సమర్కందు చుట్టమే” అని ఉండేవాళ్ళం!

బుఖారాలో 1127 నాటి కల్యాన్ మీనారు క్రింద నిలిచి మా మిత్రులు కన్నీరు పెట్టుకున్నారు. మాకు ఆ కన్నీరు రాలేదు. చూపులు గోడల మీద ఉన్నవి గాని, మనసు పరాయిగానే ఉన్నది. ఆ సంగతి మిత్రులతో అనడానికి సిగ్గు వేసింది.

కిజిల్‌కుమ్ ఎడారి దాటి ఖీవా చేరేసరికి ఒక దినం పట్టింది. కారు నడిపే ఆయనను ‘అకా’ అని పిలవాలట. అక్కడ అన్నగారికి ఆ పిలుపు. తెలుగు చెవికి ‘అక్కా’ అని వినబడి మొదట నవ్వు ఆపుకోలేకపోయాము. మాది ఓడరేవు అని విని ఆయన, “మాకూ ఒక రేవు ఉన్నది, చూపిస్తాను” అన్నాడు. సముద్రం చేరాలంటే ఎటు వెళ్ళినా రెండు దేశాలు దాటవలసిన దేశంలో రేవు!

నూకుస్ మీదుగా మరునాడు మొయినాక్ చేరాము. గట్టు మీద నుండి చూస్తే క్రింద ఇసుకలో త్రుప్పు పట్టిన చేపల ఓడలు వరుసగా పడి ఉన్నవి. 1960లో ఆరల్ సముద్రం విస్తీర్ణంలో ప్రపంచపు సరస్సులన్నిటిలో నాల్గవది. దానిని నింపే అమూ, సిర్ నదుల నీటిని సోవియట్ కాలంలో ప్రత్తి చేలకు మళ్ళించారు. నీరు వెనుకకు పోతూ పోతూ నేడు వంద కిలోమీటర్లకు పైగా దూరమైనది. చేపలు డబ్బాలకెత్తే కర్మాగారం, సముద్రం పోయిన తరువాత కూడా దూరప్రాంతాల చేపలను తెప్పించుకొని కొంతకాలం నడిచింది.

మా తాతగారు చెప్పిన మాట గుర్తుకు వచ్చింది. 1933లో మన రేవు తెరవడానికి ముందు, ఇసుక వచ్చి దారి పూడ్చకుండా నోటి దగ్గర రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి ముంచారు. నేటికీ అక్కడ ఇసుక తోడుతూనే ఉంటారు. దర్గా కొండ మెట్ల మీద కూర్చొని ఆ తోడే ఓడలను చూస్తూ పెరిగిన మాకు, ఇసుక గెలిచిన రేవు ఎలా ఉంటుందో తెలియలేదు. ఓడ ఇనుము మీద చేయి వేశాము. వేడిగా ఉన్నది. బుఖారాలో రాని కన్నీరు ఇక్కడ వచ్చింది.

చూస్తున్న ముసలాయన ఒకరు దగ్గరకు వచ్చారు. ఒకప్పుడు ఆ ఓడలలో వలలు లాగినవారట. అకా మాటలు అందించాడు.

“మీ ఊరిలో సముద్రం ఉన్నదా?”

“ఉన్నది, తాతగారూ.”

“ఇంటికి ఎంత దూరం?”

“నడిస్తే పది నిమిషాలు.”

ఆయన ఇసుక వైపు చూసి, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకొని, “మాకు అయిదే” అన్నారు.