రెండు కాళ్ల బలం సమానంగా ఉండాలా?

పడవ పందెం అనగానే మనకు చేతులే గుర్తొస్తాయి. నిజానికి పడవను నడిపించే బలంలో ఎక్కువ భాగం కాళ్లదే. పందెపు పడవలో పీట ముందుకూ వెనక్కూ జారుతుంది. పాదాలు ఎదుటి పలకకు బిగించి ఉంటాయి. ముడిచిన మోకాళ్లు చాచి ఆ పలకను నెట్టినప్పుడే తెడ్డుకు ఊపు వస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇలా 2000 మీటర్లు వెళ్లవలసి వచ్చింది.

మరి ఒక కాలు కాస్త బలహీనమైతే? హుస్సేన్ సాగర్‌లో తెడ్డు పట్టడం నేర్చుకుంటున్న ఒక కుర్రవాడి తండ్రి టేపుతో తొడలు కొలిచి, "కుడితొడ అర అంగుళం ఎక్కువుందండీ. మావాడు పందేలకు పనికిరాడా?" అని నన్ను అడిగారు. టేపు చెప్పేది చుట్టుకొలత మాత్రమే, బలం కాదు. కొద్దిపాటి తేడా ఆరోగ్యవంతులందరిలోనూ ఉంటుంది. రెండు కాళ్లూ కలిసి నెడతాయి గనుక ఆ కొద్ది తేడావల్లే పందెం ఓడిపోరు.

మీ కాళ్లను ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు కట్టుకుని, ఒంటికాలిమీద లేవండి. ఒక్కో కాలితో ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టండి. తేడా బాగా కనిపిస్తే ఒంటికాలితో మెట్టెక్కే వ్యాయామం చేయండి. ముందు బలహీనమైన కాలితో మొదలుపెట్టి, రెండో కాలితోనూ అన్నిసార్లే చేయాలి. మోకాలికి దెబ్బ తగిలినవారైతే, ఆ కాలి బలం రెండోదానిలో నూటికి 90 పాళ్లయినా వచ్చేదాకా పందేలకు తొందరపడకూడదు.

అశ్రద్ధ చేయకూడనిది ఇంకొకటి ఉంది. తెడ్డు వేసేవారిని ఎక్కువగా బాధించేది నడుము నొప్పి. ఒకే తెడ్డు పట్టేవారి నడుము ప్రతిసారీ ఒక పక్కకే మెలిపడుతుంది. నడుము నొప్పితోపాటు ఒక కాలు కొత్తగా నీరసించినా, తిమ్మిరెక్కినా, నడిచేటప్పుడు పాదం ఈడ్చుకుపోతున్నా అది కండరం లోపం కాకపోవచ్చు, వెన్ను దగ్గర నరం నొక్కుకుపోయి ఉండవచ్చు. వ్యాయామం ఆపి వెంటనే డాక్టరుకు చూపించండి. మలమూత్రాలపై పట్టు తప్పినా, మూత్రం బిగదీసినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

జట్టులోంచి తీసేస్తారన్న భయంతో పిల్లలు ఇలాంటి బాధలు దాచుకుంటారు. తల్లిదండ్రులారా, తొడలు కొలవడం మాని, "నొప్పి ఏమైనా ఉందా నాన్నా?" అని అడగండి. చెబితే కోప్పడకండి.