చెరువు ఊపిరి

హైదరాబాదులో చలనచిత్ర పరిశ్రమకు నెలవైన ఫిల్మ్ నగరునకు వాయవ్యమున, బండరాళ్ల నడుమ, దుర్గం చెరువు కలదు. పూర్వము గోలకొండ కోటకు త్రాగునీరు దీనినుండి పోయెడిది. 2020వ సంవత్సరమున దీనిపై తీగల వంతెన వెలసినది. సాయంకాలమున అచట నిలిచి నీటి సొగసును చూచి మురియువారు పెక్కుమంది. కాని కంటికిని, ఛాయాచిత్ర యంత్రమునకును చిక్కని పని యొకటి చెరువులలో జరుగుచుండును. అవి ఊపిరి విడుచుచుండును.

ఆ ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు ఉండును. 1994లో శాస్త్రజ్ఞులు పలు దేశములందలి 1835 సరస్సుల లెక్కలను ప్రకటించిరి. పరీక్షించిన నమూనాలలో నూటికి 87 ఈ వాయువును మోయదగినదానికంటె మిక్కుటముగా మోయుచుండెను. మిగులు గాలిలో కలియక తప్పదు. నీటిలోని నాచు ఎండవేళ ఈ వాయువును పీల్చుకొనును గదా! అయినను ఇంత మిగులు ఎక్కడిది?

స్వీడను, కెనడా వంటి ఉత్తరదేశముల సరస్సులు దీనికి సమాధానము చెప్పినవి. అచటి అడవులలో రాలిన ఆకులు, చివికిన వేళ్లు నేలలో ఊరును. వానయు, కరగిన మంచును ఆ సారమును కడిగి సరస్సులకు చేర్చును. అందుచే పెక్కు సరస్సుల నీరు తేయాకు కషాయము వలె గోధుమవన్నె దాల్చును. సూక్ష్మజీవులు ఆ సారమును తిని బొగ్గుపులుసు వాయువును విడుచును. సూర్యరశ్మి కూడ కొంత సారమును విడగొట్టి ఆ వాయువును పుట్టించును. ఇంకొక దారియు కలదు. నేలలోనే పుట్టిన వాయువు భూగర్భజలమున కరగి, ఊటలతో సరస్సును చేరును. ఈ పాలు కూడ స్వల్పము కాదని 2015లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. సరస్సు విడుచు ఊపిరిలో చాల భాగము చుట్టునున్న నేల ఇచ్చినదే!

ఈ సత్యము మన చెరువులకును వర్తించును. నగరము పెరిగినకొలది దుర్గం చెరువులోనికి మురుగు వచ్చి చేరినది. దానిని శుద్ధిచేయు కేంద్రమును నెలకొల్పవలసి వచ్చినది. సూక్ష్మజీవులు మురుగును తినునపుడు నీటిలోని ప్రాణవాయువు తరుగును, బొగ్గుపులుసు వాయువు పెరుగును. ప్రాణవాయువు అడుగంటినచో చేపలకు ఊపిరాడదు. బురదనుండి మీథేను బుడగలు లేచును.

ఉత్తరదేశపు సరస్సునకు అడవి ఇచ్చునది ప్రకృతి ధర్మము. మన చెరువునకు మురుగునిచ్చుట మానవుని అలక్ష్యము. కావున చెరువును కాపాడు పని దాని గట్టుమీద ఆరంభము కాదు. ప్రతి ఇంటి తూమువద్దనే ఆరంభమగును.