మారిషస్ ట్రిప్, నా ఇన్సులిన్ పెన్

మారిషస్ వెళ్దామని వాట్సాప్ గ్రూపులో మొదట మెసేజ్ పెట్టింది నేనే. తర్వాత భయపడిందీ నేనే. మిగతా ముగ్గురూ లె మోర్న్ కొండ, చామరెల్ రంగుల మట్టి, స్నార్కెలింగ్ అంటూ రీల్స్ పంపుకుంటుంటే, నేను ‘ఫ్లైట్‌లో ఇన్సులిన్’ అని గూగుల్లో వెతుకుతున్నా. నాకు టైప్ 1 డయాబెటిస్. ఆ సంగతి వాళ్లకి తెలీదు. రెండేళ్లుగా ఆఫీసు వాష్‌రూమ్‌లో ఇంజెక్షన్ చేసుకొచ్చి, వాళ్ల పక్కనే కూర్చుని లంచ్ చేస్తున్నా.

షుగర్ అనగానే ‘ఈ వయసులోనా? స్వీట్లు తెగ తినేదానివా?’ అంటారు. పైగా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, బయటికి పొక్కకపోతే మేలని అమ్మ. నిజానికి టైప్ 1 స్వీట్లు తింటే వచ్చేది కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడి, ఇన్సులిన్ తయారుచేసే ప్యాంక్రియాస్ కణాల మీద దాడి చేస్తుంది. ఇక ఇన్సులిన్ బయటి నుంచి తీసుకోవాల్సిందే. కాకరకాయ రసం దాని పని చెయ్యదు. (ఈ సలహా ఎంతమంది ఇచ్చారో లెక్కపెట్టడం మానేశా.)

వద్దంటారేమో అనుకుంటూనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లా. ఆవిడ కాగితం తీసుకుని లెక్కలు మొదలుపెట్టారు. అవసరమైనదానికి రెండింతలు ఇన్సులిన్ పట్టుకెళ్లాలి. అంతా హ్యాండ్ బ్యాగులోనే. చెకిన్ లగేజీలో చలికి గడ్డకట్టే ప్రమాదం ఉంది, గడ్డకట్టింది మళ్లీ కరిగినా పనికిరాదు. ప్రిస్క్రిప్షన్, డాక్టర్ లెటర్ దగ్గరుండాలి. మారిషస్ టైమ్ మనకంటే గంటన్నరే వెనక, కాబట్టి డోసుల వేళల గొడవ పెద్దగా లేదు. ఎండకి, తడిపి వాడే కూలింగ్ పౌచ్ కొన్నా. నీరు ఆవిరవుతుంటే లోపల చల్లగా ఉంటుంది. మన మట్టికుండ సూత్రమే, రేటు మాత్రం కుండది కాదు!

తిండి విషయానికొస్తే, అక్కడ వీధుల్లో ధోల్ పూరి ఫేమస్. పప్పు కూరి చేసే రొట్టె, ఇంచుమించు తీపి లేని బొబ్బట్టు. తీపి లేకపోయినా పిండి పిండే, తినేముందు కార్బ్స్ లెక్క చూసుకోవాలి. ఒకప్పుడు మన కోరంగి రేవు నుంచి కూడా జనం అక్కడి చెరకు తోటల్లో పనికి వెళ్లారు. ఉగాది ఇప్పటికీ అక్కడ పబ్లిక్ హాలిడే. ఆ చెరకు దీవిలో షుగర్ జబ్బూ ఎక్కువే.

లేవబోతుంటే డాక్టరమ్మ అడిగారు: “నీతో వచ్చేవాళ్లకి తెలుసా?”

నేను మాట్లాడలేదు. ఈత కొడితే షుగర్ పడిపోవచ్చు, ఒక్కోసారి ఆ రాత్రి నిద్రలో కూడా. 70 కిందికి వెళ్తే చెమటలు, వణుకు. సముద్రంలో తడిసి ఉన్నదానికి చెమట పట్టిందని ఎవరు కనిపెడతారు?

ఆ సాయంత్రం ఇరానీ హోటల్లో చెప్పేశా. ఇద్దరు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. నాకు బాగా దగ్గరైనది మాత్రం టీ వదిలేసి లేచింది. “రెండేళ్లు పక్కన కూర్చున్నా కదే, నేను పరాయిదాన్నా?” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు రాత్రి మెసేజ్: “షుగర్ పడిపోతే చాక్లెట్ పెట్టాలా?”

వద్దన్నా. అందులోని కొవ్వు వల్ల షుగర్ లేటుగా ఎక్కుతుంది. గ్లూకోజ్ పౌడర్ 15 గ్రాములు, అంటే సుమారు మూడు టీస్పూన్లు నీళ్లలో కలిపివ్వాలి. 15 నిమిషాలాగి మళ్లీ టెస్ట్ చెయ్యాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకూడదు, వెంటనే అంబులెన్స్‌ని పిలవాలి. ఒక్కోటీ టైప్ చేస్తుంటే చేతులు వణికాయి. చెక్ చేశా, షుగర్ 112. అంటే ఇది ఆ వణుకు కాదు.

నిన్న అది మా ఇంటికొచ్చి, గ్లూకోమీటర్‌తో తన వేలు తనే పొడుచుకుని నేర్చుకుంది. గ్లూకోజ్ డబ్బా తన బ్యాగులో పెట్టుకుంది. “ఆరెంజ్ ఫ్లేవర్ తెచ్చా. నచ్చలేదని పేచీ పెట్టావో, ముక్కు మూసి తాగిస్తా” అంది.

అమ్మ పక్క గదిలోంచి అంతా వింటూనే ఉంది. ఏమీ అనలేదు. ఇద్దరికీ టీ తెచ్చింది. నాదాంట్లో పంచదార లేదు.