మా గేరి కతలు - 17: మెడ నిలవని బిడ్డ

పోలియో చుక్కలు మా గేరికి నడుచుకుంటా వచ్చేవి.

1995లో పల్స్ పోలియో మొదలైన కాడి నుంచి చూస్తున్నా. భుజాన ఐసు డబ్బా, తలుపు మీద సుద్దముక్కతో గుర్తు, బిడ్డ ఎడమచేతి చిటికెన వేలికి సిరా. ఇంట్లో బిడ్డ కనబడకపోతే మళ్లీ వచ్చేవాళ్లు. పొలం కాడ ఉంటే పొలం కాడికే పోయేవాళ్లు. 2014 మార్చిలో మన దేశంలో పోలియో లేదని సర్టిఫికెట్టు వచ్చింది. సర్కారు గట్టిగా అనుకుంటే మా గేరికి దారి దొరుకుతుందని నేను చిన్నప్పుడే నేర్చుకున్నా.

మా చెల్లెలి కొడుకు పుట్టినాక ఆ డబ్బా మళ్లీ గుర్తొచ్చింది.

వాడు పుట్టినప్పుడు ఆలస్యంగా ఏడ్చినాడు. ఐదో నెల వచ్చినా మెడ నిలవలేదు. "వాళ్ల నాయనకు గూడ అన్నీ ఆలస్యమేలే" అనింది మా అమ్మ. ఆశా అక్క వచ్చి తూకమేసింది, బరువు బాగుందని రాసుకుంది. ఆమెను తప్పు పట్టను, ఆమెకు చెప్పిన పని తూకం, టీకా. తల్లీబిడ్డల కార్డులో ఏ వయసుకు మెడ నిలపాల, ఏ వయసుకు కూచోవాల అని బొమ్మలుంటాయి. మా కార్డులో టీకాల పేజీ నిండింది. బొమ్మల పేజీ ఎవరూ తెరవలేదు.

ఎనిమిదో నెలలో ఒక పెద్దాసుపత్రికి తీసుకపోతే సెరిబ్రల్ పాల్సీ అన్నారు. మందుతో పోయేది కాదు, చిన్నప్పుడే ఒంటికి అలవాటు నేర్పాల, వారానికి రెండు రోజులు ఫిజియోథెరపీకి రమ్మన్నారు. మా చెల్లెలు తలూపింది.

ఆ తలూపుడు ఖరీదు నేను చెప్తా. పగిడ్యాల నుంచి తెల్లారే ఆటోలో నందికొట్కూరు. ఆడి నుంచి బస్సులో కర్నూలు. ఒళ్లో మెడ నిలవని బిడ్డ, చేతిలో సంచి, తోడుకు మా అమ్మ. ఇద్దరి కూలి పాయె, చార్జీలు పాయె. ఇంతా చేస్తే థెరపీ అరగంట. అది నాట్ల కాలం. నాలుగు వారాలు తిరిగింది, ఐదో వారం పోలేకపోయింది. ఆరో వారం పోతే "తల్లివి, నీకే శ్రద్ధ లేకపోతే మేమేం చేస్తాం? మీవాళ్లంతా ఇంతే" అన్నారు.

మీవాళ్లంటే ఎవరో మాకు తెలుసు.

2022 ఏప్రిల్ 4న మాది నంద్యాల జిల్లా అయింది. నంద్యాల మాకు కర్నూలు కంటే దూరం. "జిల్లా కేంద్రంలో సేవలున్నాయి" అని ఎవరన్నా అంటే నాకు బస్సు టికెట్టే కనబడుతుంది.

కాగితం మీద అన్నీ ఉన్నాయి. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏండ్ల దాకా 30 రకాల లోపాలు, జబ్బులు కనిపెట్టాల. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వైద్య బృందం రావాల. అనుమానం ఉన్న బిడ్డను జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాల. పిల్లల డాక్టరు, ఫిజియో, మాట నేర్పేవాళ్లు, సైకాలజిస్టు ఆడ ఒక్కచోటే ఉండాల. మంచి పథకం, వెక్కిరించను. కానీ బిడ్డను కనిపెట్టే పని పల్లెకు వస్తుంది, బాగుచేసే పని మాత్రం తల్లినే జిల్లాకు రమ్మంటుంది.

మరి పోలియో చుక్కలు ఎందుకు నడిచొచ్చినాయి? పోలియో వైరసు మా గేరి దాటి ఊర్లోకి పోతుంది. మా కాడ ఒక్క బిడ్డ మిగిలిపోయినా ఊరి బిడ్డలందరికీ ముప్పు. మెడ నిలవకపోవడం అంటుకునేది కాదు. వేల ఏండ్లు మా అంటుకు భయపడిన లోకానికి, అంటని జబ్బంటే మా దిక్కు చూసే పనే లేకపాయె.

సదరం సర్టిఫికెట్టు సంగతీ అంతే. పింఛను కావాలంటే వైకల్యం 40 శాతానికి తక్కువ కాదని రుజువు చేయాల. 2024 నుంచి నెలకు 6,000 ఇస్తున్నారు, సంతోషం. ఆ వైకల్యం ముదరకుండా చూసుకుందామని బిడ్డను ఎత్తుకుని తిరిగే తల్లికి మాత్రం ఒక్క రోజు కూలి ఇచ్చే దిక్కు లేదు.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు మీద బాబాసాహెబ్ మాట్లాడినాడు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలు, ఆ భారంలో ఎక్కువ వంతు ప్రభుత్వమే మోయాల అన్నాడు. నేనడిగేది ఆ లెక్కే. బిడ్డ బాగుపడితే లాభం అందరిదీ అయినప్పుడు నష్టం ఒక్క కూలి తల్లిదే ఎట్లయితది?

అన్యాయంగా అందరినీ అననులే. ఆ ఆసుపత్రిలోనే ఒక చిన్న వయసు ఫిజియో అమ్మాయి కుర్చీ వదిలి కింద చాప మీద కూచుంది. కాళ్లు ఎడం చేసి నడుం మీద ఎట్లా ఎత్తుకోవాల, బువ్వ పెట్టేటప్పుడు తల వెనక్కి వాలకుండా ఎట్లా పట్టుకోవాల అని మా అమ్మకూ, చెల్లెలికీ చేసి చూపించింది. వాళ్లతో చేయించింది. "నీ తప్పేం లేదక్కా" అనింది. అన్ని తిప్పల్లోనూ ఏడవని మా చెల్లెలు ఆ పొద్దు ఏడ్చింది.

ఆ అరగంటకు కావాల్సింది ఒక చాప, ఒక తెలిసిన మనిషి. ఆ చాప మా గేరిలో గూడ ఉంది. ఆ మనిషి నెలకు ఒక్కసారన్నా ఈడికి రావాల. థెరపీకి పోక తప్పని రోజుకు తల్లికి కూలి కట్టియ్యాల. ఆశా అక్కకు బొమ్మల పేజీ చూడడం నేర్పి, ఆ పనికి గూడ డబ్బు ఇయ్యాల. ఇది దయ కాదు, ఐసు డబ్బా మోసుకొచ్చిన సర్కారుకు చేతనైన పనే.

మా వాడికి ఇప్పుడు నాలుగేండ్లు. నడవలేడు. గోడకు ఆనించితే కూచుంటాడు. నా బండి చప్పుడు వింటే మెడ తిప్పి చూస్తాడు.

మీ ఇంట్లో, మీ పక్కింట్లో ఐదు నెలలకు మెడ నిలవని బిడ్డ ఉంటే "ఆలస్యమేలే" అనుకోవద్దండి. ఈ పొద్దే కార్డు తీసి బొమ్మల పేజీ తెరవండి. ఆశా అక్కకు చూపించండి, డాక్టరును అడగండి. ఆ తల్లి మీద మాత్రం నింద వేయొద్దండి.

జై భీమ్.