బెజవాడ కాలవలు, మా నాయన బోర్లు

మా ఆఫీసులో ఆన్‌సైట్‌కి వెళ్ళొచ్చిన ప్రతివాడి దగ్గరా ఆంస్టర్‌డాంలో కాలవ వంతెన మీద నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటుంటుంది. ఇంకొంచెం డబ్బులు మిగిల్తే వెనిస్. మంచిదే, ఎవరి సరదా వారిది. కానీ ఊరి నడిమధ్యలోంచి ఒకటి కాదు, మూడు కాలవలు పారే పట్నం మనకీ ఒకటుందనీ, దానికి వీసా అక్కర్లేదనీ, తిండి విషయంలో ఆ రెండు ఊళ్ళూ దీని ముందు నిలబడవనీ ఎవరూ చెప్పరు. బెజవాడ అనగానే కనకదుర్గమ్మ, ఎండలు, సినిమాలు, రాజకీయాలు గుర్తొస్తాయి. కాలవలు ఎవరికీ గుర్తు రావు. బెజవాడ వాళ్ళకి అసలే గుర్తు రావు. దాని గురించే ఈ గోలంతా.

ముందు నేనెక్కణ్ణించి మాట్లాడుతున్నానో చెప్పాలి. మాది చిత్తూరు జిల్లా, పలమనేరు వైపు పల్లె. ఉద్యోగం బెంగుళూర్లో. మా ఊళ్ళో కాలవ అంటే వాన పడ్డప్పుడు రెండు రోజులు పారి, ఆ తర్వాత మేకలు తిరిగే గుంత. మేం దాన్ని వంక అంటాం. నీళ్ళు కావాలంటే చెరువు, చెరువెండితే బావి, బావెండితే బోరు. మా నాయన ఇప్పటికి నాలుగు బోర్లేయించాడు. చివరిది వెయ్యి అడుగులు దాటింది. నాలుగింట్లో ఇప్పుడు నీళ్ళొచ్చేది ఒక్కదాన్లో, అదీ ఆగి ఆగి. వరి మానేసి మామిడి పెట్టాడు. 2025లో తోతాపురి ధర పడిపోయి ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి కదా, ఆ బారుల్లో మావీ ఉన్నాయి. ఆ తర్వాత ఐదో బోరు మాట ఎత్తాడు. దానికి డబ్బులు పంపాల్సింది నేనే. నేను ఔననలేదు, కాదనలేదు. కార్తీకమాసంలో దుర్గమ్మ దర్శనం చేసుకోవాలని అమ్మ ఎన్నాళ్ళనుంచో అడుగుతోంది, ముందు అది కానిద్దాం అని ఇద్దర్నీ తీసుకుని తిరుపతిలో రాత్రి బండెక్కాను.

తెల్లారేసరికి కిటికీ బయట అంతా వరి. తెనాలి దాటాక మా నాయన మాట్లాడ్డం మానేసి చూస్తూ కూర్చున్నాడు.

మొదటి రోజు దర్శనం, తిండి. దర్శనం సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి తిండి దగ్గరికొస్తాను. గాంధీనగర్లో బాబాయ్ హోటల్ పేరు వినని భోజనప్రియుడు ఉండడు. వేడి ఇడ్లీ మీద వెన్న వేసిస్తారు. వెన్న కరిగేలోపు తినాలా, కరిగాక తినాలా అన్నది బెజవాడలో తేలని వాదం. నేను రెండు రకాలుగానూ తిని చూశాను, ఒకదానికొకటి తీసిపోలేదు :) మధ్యాహ్నం ఒక మెస్సులో భోజనం. ముద్దపప్పు, నెయ్యి, గోంగూర, ఉలవచారు, మీద మీగడ, చివర్లో గరిటె నిలబడేంత పెరుగు. మా అమ్మ నంజుకోడానికి "కొంచెం ఎర్రగడ్డ ఇస్తావా నాయనా" అని అడిగితే వడ్డించే కుర్రాడు తెల్లమొహం వేసి, "ఎర్రగడ్డ హైదరాబాదులో కదండీ ఉంది" అన్నాడు. ఉల్లిపాయ అని నేను అనువాదం చేశాక అందరం నవ్వుకున్నాం. సాయంత్రం బండి మీద పునుగులూ అల్లప్పచ్చడీ. తర్వాత బందరు లడ్డు. తిరుపతి లడ్డుకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, బందరు లడ్డుకి 2017లో. రెండింటిలో ఏది గొప్ప అని అడిగితే మా అమ్మ చెంపలేసుకుని, "అది ప్రసాదం, ఇది పలారం. పోలిక పెట్టకూడదు" అని తీర్పు చెప్పేసింది. చెప్పాక ఇంకో లడ్డు తీసుకుంది.

రెండో రోజు ప్రకాశం బ్యారేజి. 1957లో తెరిచారు. పొడవు 1,223 మీటర్లు, 70 గేట్లు, కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు. అంతకుముందు అక్కడ పాత ఆనకట్ట ఉండేది. ఆర్థర్ కాటన్ ఆలోచన, కెప్టెన్ ఓర్ కట్టించాడు, 1855కి పూర్తయింది. ఆ ఆనకట్ట 1952 వరదలకి తెగితే దాని స్థానంలో వచ్చిందే ఈ బ్యారేజి. ఈ అంకెలన్నీ నేను ఫోన్లో చూసి చెప్తుంటే మా నాయన వినడం లేదు. కొండ పక్కన, నీళ్ళు కాలవల్లోకి మళ్ళే చోట నిలబడిపోయాడు. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ. మూడూ నిండుగా, చప్పుడు లేకుండా, ఆఫీసుకి వెళ్ళే మనుషుల్లాగా ఎవరి దారిన అవి పోతున్నాయి.

అక్కడ గట్టు మీద ఒకాయన బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. కాలవ మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యాట్ట. మా నాయన ఆయన దగ్గరికెళ్ళి అడిగాడు.

"ఏమన్నా, ఇన్ని నీళ్ళు తోడేదానికి మోటర్లు యాడుండాయి?"

ఆయన నవ్వేశాడు. "మోటార్లెందుకండీ? వాలుంది కదా. గేటెత్తితే అదే పోద్ది."

మా నాయన మళ్ళీ ఏమీ అడగలేదు. పక్కన కూర్చుని ఆయనిచ్చిన బీడీ ముట్టించుకున్నాడు. ఆయన మానేసి పదేళ్ళయింది.

"గేటెత్తితే అదే పోద్ది." ఇంజినీరింగ్ చదివిన నాలుగేళ్ళలో నేను నీటిపారుదల గురించి విన్న మాటల్లో ఇంత మంచి వాక్యం లేదు. బెజవాడ సముద్రమట్టానికి పాతిక మీటర్ల ఎత్తు కూడా ఉండదు. అక్కణ్ణించి సముద్రం దాకా నేల మెల్లగా వాలుతుంది. ఆ వాలుకి కరెంటు బిల్లు రాదు, మోటరు కాలిపోదు, ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోదు. మా పలమనేరు 600 మీటర్లకి పైన ఉంది. అదే కృష్ణ మా వైపు రావాలంటే శ్రీశైలం వెనకనీళ్ళ దగ్గర మల్యాలలో పంపులు పెట్టి, మెట్టు తర్వాత మెట్టు ఎత్తిపోసుకుంటూ రావాలి. అదే హంద్రీ-నీవా. ఆ కాలవ మీదుగా 2025 ఆగస్టులో కుప్పం దాకా నీళ్ళొచ్చాయి, జలహారతి ఇచ్చారు. మా ఊరి చెరువుకి మాత్రం రాలేదు. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా నీళ్ళలో సీమకి ముందు చోటు ఇస్తామని రాసుకున్నారు. ఆ కాగితానికీ ఈ నీళ్ళకీ మధ్య ఎనభై ఎనిమిదేళ్ళు.

ఇక్కడ చాలామంది ఒక మాటంటారు: "వాళ్ళకేం, డెల్టా. దేవుడిచ్చిన నేల." ఆ మాట నేనొప్పుకోను. ఆనకట్ట రాకముందు ఈ డెల్టాలో కూడా కృష్ణ ఊళ్ళ పక్కనుంచే పారేది. అయినా 1832-33లో గుంటూరు వైపు డొక్కల కరువు వచ్చి జనం రోడ్ల మీద పడి చచ్చిపోయారు. నది ఉంది, నేల ఉంది, వాలు ఉంది. లేనిది కాలవ. అంటే నేను మొదటి రోజు తిన్నదంతా, ఆ అన్నం, ఆ మినప్పిండి ఇడ్లీ, ఆ పచ్చగడ్డి తిన్న గేదెల వెన్నా పెరుగూ, దేవుడు పెట్టినవి కావు. మనుషులు తవ్విన కాలవ పెట్టినవి. మా ఊళ్ళో సంగటి, ఊరిబిండి, పచ్చిపులుసు ఎందుకు తింటామో అదీ ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు. రాగి తక్కువ నీళ్ళతో పండుతుంది, చెనిక్కాయ వానకి పండుతుంది, పచ్చిపులుసుకి పొయ్యి కూడా అక్కర్లేదు. ఏ ఊరి విస్తరి చూసినా ఆ ఊరి నీళ్ళ లెక్క తెలిసిపోతుంది.

ఇంకో విషయం చెప్తే మా జిల్లా వాళ్ళు ఆశ్చర్యపోతారు. బ్యారేజికి అవతలి వైపు, సీతానగరం దగ్గర మొదలయ్యే కాలవ కొమ్మమూరు కాలవగా దక్షిణానికి పోయి పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవలో కలుస్తుంది. ఆ బకింగ్‌హాం కాలవ అక్కణ్ణించి మద్రాసు మీదుగా తమిళనాడులో మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. 1876-78 మహా కరువులో కూలి కోసం వచ్చిన జనంతో దాని ముక్కలు కొన్నింటిని తవ్వించి కలిపారు. 1878లో అప్పటి గవర్నర్ పేరు పెట్టారు. దాని మీద పడవల్లో బియ్యం, ఉప్పు, కట్టెలు బెజవాడ నుంచి మద్రాసుకి పోయేవి. దార్లో పులికాటూ, సూళ్ళూరుపేట ప్రాంతమూ తగులుతాయి. 2022 నుంచి అందులో చాలా భాగం తిరుపతి జిల్లా. అంటే మేం రైల్లో వచ్చిన దారికి కొంచెం తూర్పుగా ఒక నీటి దారి ఉండేదన్నమాట. 1966, 1976 తుఫాన్ల దెబ్బకి ఆ పడవల కాలం ముగిసిపోయింది.

సరే, బాగున్నవన్నీ చెప్పాను కాబట్టి బాగోలేనిది కూడా చెప్పాలి. మూడో రోజు ఉండవల్లి గుహలు చూసి (పడుకున్న అనంతపద్మనాభస్వామి ఒకే రాతిలో ఎంత పొడవో, చూసి తీరాలి) తిరిగొస్తూ ఊళ్ళో కాలవ గట్టు వెంబడి నడిచాం. ఊరంతా కాలవకి వీపు తిప్పి కూర్చునుంది. ఇళ్ళ వెనక గోడలు, డ్రైనేజీ గొట్టాలు, ప్లాస్టిక్ కవర్లు. మా కళ్ళ ముందే ఒకావిడ బండి ఆపి, పూజలో వాడిన పూలు కవరుతో సహా కాలవలోకి విసిరి, దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయింది. చెడ్డావిడ కాదు. ఆవిడ దృష్టిలో కాలవంటే అడక్కుండానే అన్నీ తీసుకుపోయేది. మా అమ్మ మాత్రం "తాగే నీళ్ళు కదరా" అని అక్కడే నిలబడిపోయింది.

ఆంస్టర్‌డాంలో కాలవ పక్క ఇల్లంటే కోట్లు. ఇక్కడ కాలవ పక్క ఇల్లంటే దోమలు. తేడా నీళ్ళలో లేదు, వాకిలి ఎటు పెట్టుకున్నామన్నదాంట్లో ఉంది.

నీళ్ళ దారి మర్చిపోతే ఏమవుతుందో బెజవాడ 2024 సెప్టెంబరులో చూసింది. బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, ఎప్పుడూ రానంత వరద. కానీ ఊరిని ముంచింది ఆ కృష్ణ కాదు, బుడమేరు. సింగ్ నగర్లో జనం రోజుల తరబడి మేడల మీద ఉండిపోయారు. దీన్ని చూసి మేం వేలెత్తి చూపించడానికేం లేదు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. తాగడానికి తెలుగుగంగ నీళ్ళు తెచ్చుకునే ఊరు, తన వాననీళ్ళు పోయే దారుల్లో ప్లాట్లు వేసుకుంది. నీళ్ళున్న ఊరూ, లేని ఊరూ ఈ ఒక్క విషయంలో అన్నదమ్ములే.

తిరుగు ప్రయాణంలో మా నాయన రాత్రి చాలాసేపు నిద్రపోలేదు. గూడూరు దాటాక అన్నాడు: "మన చెరువుకి గూడా వాలుండాది రా. కొండ కాణ్ణించి వంక వస్తాది. అది పూడిపోయి ఎన్నేళ్ళాయెనో."

అంతే. ఇంకేమీ అనలేదు. నేను బెంగుళూరు వచ్చేశాక వారానికి ఫోన్ చేశాడు. ఊళ్ళో పదిమందిని కూడేసి జేసీబీ మాట్లాడాట్ట. వంకలో కంపచెట్లు తీయించి, చెరువు దాకా పూడిక ఎత్తించి, తూము బాగు చేయించాలి. ఇంటికింత అని వేసుకుంటున్నారు. మన ఇంటి వంతు పంపించమన్నాడు. బోరుకయ్యే దాంట్లో పదో వంతు కూడా లేదు. ఐదో బోరు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. అది పనిచేస్తుందా అంటే వాన పడాలి. పడిన వాన చెరువు దాకా రావాలి. రెండోది మాత్రం మన చేతుల్లో ఉన్నదే.

మీరెవరైనా బెజవాడ వెళ్తే వేసవిలో వెళ్ళకండి. ఎండ ఒక్కటే కాదు, అప్పుడు కాలవలు కట్టేస్తారు. వానాకాలంలో నీళ్ళు వదిలాక, నవంబరులోపు వెళ్ళండి. వెన్న ఇడ్లీ తినండి, దుర్గమ్మని చూడండి, ఉండవల్లి చూడండి. ఆ తర్వాత ఏదో ఒక కాలవ గట్టు మీద పది నిమిషాలు ఊరికే నిలబడండి. ఫోటో తీసుకున్నా తీసుకోకపోయినా, చేతిలో కవరుంటే మాత్రం ఇంటికి పట్టుకెళ్ళండి.