సామాన్లు దించుకోండి... ఫిల్మ్ సిటీ వచ్చీసింది!

శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ బస్సెక్కిన ప్రతి ఒక్కరికీ ఈ కేక తెలుసు. తెల్లారగట్ల, మెలకువ వచ్చీ రాని టైమ్‌లో, క్లీనర్ కుర్రాడు సీట్ల మధ్య నడుచుకుంటూ అరుస్తాడు. "ఫిల్మ్ సిటీ వచ్చీసింది, ఎల్బీ నగర్ వాళ్లు సామాన్లు దించుకోండి!" కిటికీ తెర పక్కకి లాగితే రోడ్డు పక్కన గేటు, పెద్ద అక్షరాలు. రెండు సెకన్లు, అంతే. ఆ తర్వాత హయత్‌నగర్, హారన్లు, హైదరాబాద్.

మా నాన్న ఆ గేటుని పద్దెనిమిదేళ్లు అలాగే చూశాడు. మాది పొందూరు దగ్గర పల్లె. నాన్న హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేసేవాడు. సంక్రాంతికి ఊరొచ్చేవాడు, పండగ వెళ్లాక మళ్లీ బస్సెక్కేవాడు. "లోన ఏటుంటాదో మరి" అనేవాడు, ఎప్పుడైనా టీవీలో దాని మాట వస్తే. ఒక రోజు కూలి పోగొట్టుకుని, పైన టికెట్టు కూడా కొనుక్కుని లోపలికి వెళ్లే ఆలోచన ఆయనకి రాలేదు. నాకు విజయనగరంలో ఉద్యోగం వచ్చాక మొదట అనుకున్న పని ఇదే. నాన్నని ఆ గేటు లోపలికి తీసుకెళ్లాలి.

తీసుకెళ్లాను. ఘోరంగా ఫెయిలయ్యాను. రెండోసారి వెళ్తే గానీ కుదరలేదు. ఆ రెండు ట్రిప్పుల మధ్య నేను నేర్చుకున్నది మీకు పనికొస్తుందేమో అని ఇది రాస్తున్నాను.

ముందు మొదటి ట్రిప్పు సంగతి. ఆదివారం పెట్టుకున్నాం. అదే మొదటి తప్పు. రాత్రంతా బస్సులో కూర్చుని, ఫిల్మ్ సిటీ గేటు ముందు నుంచే దర్జాగా వెళ్లిపోయి, కూకట్‌పల్లిలో ఉన్న పిన్ని వాళ్లింటికి చేరాం. స్నానాలు, టిఫిన్లు, కబుర్లు. మళ్లీ ఊరంతా అడ్డంగా దాటి అదే గేటుకి వచ్చేసరికి పన్నెండు దాటింది. మ్యాప్‌లో ముందే చూసుకుని ఉంటే తెలిసేది. ఫిల్మ్ సిటీ ఉన్నది విజయవాడ హైవే మీద, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర. అంటే మన బస్సులు హైదరాబాద్ చేరకముందే అది వస్తుంది. కూకట్‌పల్లి సరిగ్గా ఊరికి అవతలి కొస.

లోపలికి వెళ్లాక ఇంకా పెద్ద తప్పు చేశాను. యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూసి ఫోన్లో ఓ లిస్టు రాసుకున్నా. ఇరవై మూడు ఐటమ్స్! దాన్ని పట్టుకుని తమ్ముడూ నేనూ పరుగు. మామ్మకి మోకాళ్లు నొప్పి. "మీరెళ్లండర్రా, నాను కూకుంటాను" అంది. ఆవిడకి తోడు నాన్న కూర్చున్నాడు. "ఇప్పుడే వచ్చేస్తాం" అంటూ మేం ఒక్కో క్యూలో అరగంట, ముప్పావుగంట. సాయంత్రం మూసే వేళకి పరిగెత్తుకుంటూ వచ్చాం. వాళ్లిద్దరూ అదే చెట్టు కింద, అదే బెంచీ మీద.

బయటికొచ్చే బస్సులో నాన్న మెల్లిగా అడిగాడు. "అమ్మలూ, ఆ బాహుబలి కోట ఎటేపుందే?"

నాకు నోట మాట రాలేదు. నా లిస్టులో అది పంతొమ్మిదో నంబరు. మేమూ చూడలేదు. "ఊర్లో అడిగితే ఏటి సెప్తాను?" అని నవ్వేశాడు. ఆ నవ్వు నాకు ఏడాదిపాటు గుర్తుంది.

ఇప్పుడు ప్లానింగ్ దగ్గరికి వద్దాం. 1996లో రామోజీరావు మొదలుపెట్టిన ఈ ఫిల్మ్ సిటీ ప్రపంచంలోనే అతి పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డుకెక్కింది. పదహారు వందల ఎకరాల పైమాటే. మన పల్లెలు రెండు మూడు కలిపినా అంత ఉండవేమో. కాబట్టి ఒక్క రోజులో "అంతా చూసేద్దాం" అనే మాట మర్చిపోండి. దాని బదులు రెండోసారి మేం ఇంట్లో ఓ రూలు పెట్టుకున్నాం. మనిషికి ఒక్కటి. ఎవరికి ఏది చూడకపోతే ప్రాణం ఉసూరుమంటుందో అదొక్కటే చెప్పాలి, బయల్దేరక ముందే చెప్పాలి. మామ్మ "పిట్టలు" అంది, అంటే బర్డ్ పార్కు. అమ్మకి సీతాకోకచిలుకల తోట. తమ్ముడికి స్టంట్ షో. నాన్న సంగతి తెలిసిందే. నాకు అక్కడ సెట్టు వేసిన రైల్వే స్టేషన్లో ఒక ఫోటో. అయిదు అయ్యాయి. మిగతావన్నీ కుదిరితే చూద్దాం, లేకపోతే లేదు.

ఎప్పుడు వెళ్లాలి? ఆది, శనివారాలు వద్దు. మేం ఫిబ్రవరిలో ఒక మంగళవారం వెళ్లాం. అప్పటికి సంక్రాంతి తిరుగు ప్రయాణాల తోపులాట తగ్గిపోయి ఉంటుంది, ఎండలూ ముదరవు. మే నెలలో అక్కడ చాలా భాగం ఎండలోనే తిరగాలి, పెద్దవాళ్లతో అస్సలు పెట్టుకోకండి. పండగ సీజన్లలో, సెలవుల్లో సాయంత్రం కార్నివాల్ లాంటివి పెడుతుంటారు. హడావుడి ఇష్టమైతే అప్పుడే వెళ్లండి, కానీ రద్దీ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. మామూలు రోజుల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం అయిదున్నర దాకా అనుకోండి. టికెట్టు ధరలూ టైమింగ్సూ సీజన్‌ని బట్టి మారతాయి కాబట్టి వాళ్ల వెబ్‌సైట్లోనే చూసుకుని, అక్కడే బుక్ చేసుకోండి. టికెట్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం మర్చిపోవద్దు. గేటు దగ్గర నెట్ తిరుగుతూ ఉంటే వెనకాల క్యూలో వాళ్ల చూపులు తట్టుకోలేం.

రైలైతే విశాఖ ఎక్స్‌ప్రెస్, ఫలక్‌నుమా రెండూ ఆమదాలవలస స్టేషన్లోనూ విజయనగరంలోనూ ఆగుతాయి, సికింద్రాబాద్ వెళ్తాయి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఇదివరకు 120 ఉండేది. సికింద్రాబాద్‌లో దిగాక మెట్రోలో అమీర్‌పేట వెళ్లి, అక్కడ మారి ఎల్బీ నగర్ దాకా రావచ్చు. అక్కడి నుంచి సిటీ బస్సో ఆటోనో. బస్సైతే ఇంత తిరుగుడు లేదు, గేటు దగ్గరే దిగిపోవచ్చు. కానీ ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి, అలాగే నేరుగా లోపలికి వెళ్లడం కుర్రాళ్లకి చెల్లుతుంది గానీ మోకాళ్ల నొప్పుల వాళ్లకి కాదు. మేం ముందు రోజే వెళ్లి హయత్‌నగర్‌లో చిన్న లాడ్జిలో పడుకున్నాం. పిన్నికి కోపం వచ్చింది. "ఇంటికి రాకుండా లాడ్జిలో దిగుతారా?" అని. తిరుగు ప్రయాణం రోజు వెళ్లి భోంచేసి ఆ కోపం తీర్చాం. (ఫిల్మ్ సిటీ లోపల సితార, తార అని హోటళ్లున్నాయి. నా జీతానికి అవి ఇంకా దూరం.)

తిండి విషయం. బయటి తిండి లోపలికి తేనివ్వరు. మొదటిసారి అమ్మ కట్టిన పులిహోర, జంతికలు గేటు బయట నిలబడి గబగబా మింగాం. రెండోసారి తెలివొచ్చి, లాడ్జిలోనే కడుపు నిండా తినేసి బయల్దేరాం. మామ్మ తెచ్చుకున్న చోడి అంబలి కూడా అక్కడే తాగేసింది. చెప్పులు కొత్తవి వద్దు. అరసవల్లి నుంచి ఏడు రోడ్ల జంక్షన్ దాకా ఆగకుండా నడిచినా కరవని చెప్పులే వేసుకోండి. పవర్ బ్యాంకు ఉండాలి. ఫోన్ లేని వాళ్లకి మీ నంబరు కాగితం మీద రాసివ్వండి. మామ్మ ఆ కాగితాన్ని బొడ్డు సంచిలో, చిల్లర డబ్బులతో పాటు భద్రంగా దాచుకుంది.

లోపల రోజు ఎలా నడుస్తుందంటే, హైవే గేటు నుంచి వాళ్ల బస్సే మనల్ని కొండల మధ్య రోడ్డు మీదుగా లోపలికి, యురేకా అనే చోటికి తీసుకెళ్తుంది. షోలు, హోటళ్లు, పిల్లల ఆటలు చాలావరకు ఆ చుట్టుపక్కలే. అక్కడి నుంచే ఎర్ర బస్సుల్లో గైడుతో స్టూడియో టూర్. ఆ బస్సులు అక్కడక్కడ ఆపుతాయి, దిగి చూసి ఎక్కాలి. అందరూ వెళ్లగానే యురేకాలో ఫోటోలతో గంట గడిపేసి, పదకొండున్నరకి టూర్ క్యూలో నిలబడతారు. మీరు ముందు టూర్‌కి వెళ్లిపోండి. పొద్దున్న ఎండ ఉండదు, కాళ్లలో బలం ఉంటుంది, జనం పలచగా ఉంటారు. మధ్యాహ్నం నీడలో కూర్చునే షోలు పెట్టుకోండి.

షోలు గంట ప్రకారం జరుగుతాయి. వాటి వెంట మనం పరిగెత్తకూడదు. ఈ మాట విజయనగరం వాళ్లకి నేను చెప్పాలా? దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. తెలిసినవాళ్లు మాను వెనకాల జనంలో పడి తోసుకోరు. ముందే వెళ్లి ఒక అరుగో, మేడో చూసుకుని కూర్చుంటారు. మాను వాళ్ల ముందు నుంచే వెళ్తుంది. ఇక్కడా అంతే. షోకి ఇరవై నిమిషాల ముందు వెళ్లి మంచి చోటు చూసుకుంటే మామ్మకి అది విశ్రాంతి కూడా. సినిమా ఎలా తీస్తారో చూపించే షోలో అమ్మని పైకి పిలిచి, గుర్రాల్లేని బండి మీద కూర్చోబెట్టి "తోలండి" అన్నారు. అమ్మ సిగ్గుపడుతుందనుకున్నాం. పొలానికి బండి తోలినంత ధాటీగా తోలింది. తర్వాత తెర మీద చప్పుళ్లన్నీ కలిపి చూపిస్తే హాలంతా చప్పట్లు.

ఇంకో మాట. మీది ఫ్రెండ్స్ గ్యాంగ్ అయి, మీకు కావాల్సింది కళ్లు తిరిగే రైడ్లే అయితే ఫిల్మ్ సిటీ కాదు, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్‌లాకి వెళ్లండి. నీళ్ల రైడ్లకి నైలాన్ బట్టలు ఉండాలి, పిల్లల టికెట్టు వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి. మామ్మలతో వెళ్లే చోటు మాత్రం కాదది.

రెండో ట్రిప్పులో మాహిష్మతి దగ్గర బస్సు దిగేసరికి పదిన్నర. జనం ఇంకా రాలేదు. అందరూ సెల్ఫీలకి పరిగెత్తితే నాన్న మాత్రం గోడ దగ్గరికి వెళ్లి, వేళ్ల కణుపులతో టకటకా కొట్టాడు. చెవి పెట్టి విన్నాడు. "లోన బోలే!" అన్నాడు, పెద్ద రహస్యం దొరికినట్టు. తర్వాత స్తంభం చుట్టూ తిరిగి, అతుకులు ఎక్కడున్నాయో వెతికి తమ్ముడికి చూపించాడు. గైడు చెప్పేది ఒక్కటీ వినలేదు. గంటసేపు ఆ కోట కట్టిన పనివాళ్లని మెచ్చుకుంటూ, తిట్టుకుంటూ, మళ్లీ మెచ్చుకుంటూ తిరిగాడు. నేను ఒక్కసారి కూడా టైమ్ చూడలేదు. దానివల్ల తమ్ముడి స్టంట్ షో ఒక ఆట పోయింది, తర్వాతి ఆట చూశాం. నా రైల్వే స్టేషన్ ఫోటో పోయింది. పోతే పోయింది.

మర్నాడు పిన్ని ఇంట్లో భోంచేసి సాయంత్రం ఊరి బస్సెక్కాం. హయత్‌నగర్ దాటాక గేటు మళ్లీ కనిపించింది. ఈసారి లైట్లతో. నా వెనక సీట్లోంచి నాన్న గొంతు వినిపిస్తోంది. పక్కన కూర్చున్న టెక్కలి ఆయనకి చెప్తున్నాడు.

"అది రాయి అనుకుంటారు గానీ కాదు బాబూ, నాను కొట్టి సూసినాను కదా..."